గుండె జబ్బు ముప్పుకు రక్త పరీక్షలు: దేనికి డబ్బు పెట్టాలి, దేన్ని వదిలేయవచ్చు

డయాగ్నస్టిక్ సెంటర్ల ధరల పట్టికల్లో "కార్డియాక్ ప్రొఫైల్", "హార్ట్ ప్యాకేజీ" అనే పేర్లతో కనిపించేవి నిజానికి ఒకే జాతి పరీక్షలు కావు. రక్తంలోని కొవ్వులను కొలిచే లిపిడ్ ప్రొఫైల్ మొదలుకొని హోమోసిస్టీన్ వరకు, కొన్నిచోట్ల ట్రోపోనిన్ వరకు, వేర్వేరు అవసరాల కోసం పుట్టిన పరీక్షలను ఒకే ధర కింద చేర్చి అమ్ముతారు. వాటిలో కొన్ని రాబోయే పదీ ఇరవై ఏళ్ల ముప్పును సూచిస్తాయి. కొన్ని ఈ గంటలో గుండె కండరం దెబ్బతింటున్నదా లేదా అన్నది చెబుతాయి. మరికొన్ని గుండె గురించి కంటే విటమిన్ లోపం గురించే ఎక్కువ చెబుతాయి. ఇక్కడ చర్చించేది ఇదివరకు గుండెపోటు గానీ పక్షవాతం గానీ రాని, ప్రస్తుతం ఛాతీలో ఏ ఇబ్బందీ లేని వ్యక్తి ఈ జాబితాలోంచి ఏవి ఎంచుకోవాలన్న విషయం. ఎంపికకు నేను పెట్టుకున్న కొలమానం ఒక్కటే: ఫలితం ఎక్కువగా వచ్చినప్పుడు, తక్కువగా వచ్చినప్పుడు డాక్టరు తీసుకునే నిర్ణయం మారుతుందనుకుంటేనే ఆ పరీక్ష అవసరం. రెండు సందర్భాల్లోనూ అదే సలహా, అదే మందు అయితే ఆ పరీక్ష రిపోర్టులో ఒక పేజీని పెంచుతుందే తప్ప మరేమీ చేయదు.

మనవారికి ఈ ప్రశ్న కొంత ముందుగానే ఎదురవుతుంది. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం సమాచారాన్ని తర్వాత విడిగా విశ్లేషించినప్పుడు, దక్షిణాసియా వారిలో తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకు, ఇతర దేశాల వారిలో సుమారు 59 ఏళ్లకు వస్తున్నట్టు తేలింది. 2018 నాటి అమెరికా మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలను ముప్పు పెంచే అంశాల జాబితాలోనే చేర్చాయి కనుక డాలస్‌లో ఉన్నా, గుంటూరులో ఉన్నా తెలుగువారికి ఇది వర్తిస్తుంది. అయితే రక్తం తీయించుకునే ముందే తెలిసే విషయాలు కొన్ని ఉన్నాయి: వయసు, బీపీ, పొగాకు అలవాటు, నడుము చుట్టుకొలత, తండ్రికి లేదా సోదరులకు 55 ఏళ్లలోపు, తల్లికి లేదా అక్కాచెల్లెళ్లకు 65 ఏళ్లలోపు గుండెపోటు వచ్చిందా అన్న సంగతి. బీపీ ఒక్కసారి కూడా చూపించుకోకుండా వేల రూపాయల రక్త పరీక్షలు చేయించుకోవడం వరుస తప్పిన పని అని నా అభిప్రాయం.

లిపిడ్ ప్రొఫైల్: అందరికీ మొదటిది

ఏ పరీక్షనైనా మానవచ్చునేమో గానీ దీన్ని మానకూడదు. కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. తెలంగాణలో బస్తీ దవాఖానాల నుంచి తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు వెళ్లే నమూనాలకు ఉచితంగానే చేస్తారు. 2024లో కార్డియోలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా విడుదల చేసిన మార్గదర్శకాలు మొదటి లిపిడ్ ప్రొఫైల్‌ను 18 ఏళ్లకే చేయించుకోమంటున్నాయి. చిక్కు పరీక్షలో లేదు, రిపోర్టును చదవడంలో ఉంది.

చాలామంది చూపు టోటల్ కొలెస్ట్రాల్ మీద, తర్వాత "చెడ్డ కొలెస్ట్రాల్" అని పిలిచే ఎల్‌డీఎల్ మీద ఆగుతుంది. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరన్న సంగతి గమనించాలి. 1972లో ఫ్రైడ్‌వాల్డ్, ఆయన సహచరులు ప్రతిపాదించిన లెక్క ప్రకారం ట్రైగ్లిజరైడ్లను (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) అయిదుతో భాగించి, ఆ వచ్చినదాన్నీ, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌నూ టోటల్ కొలెస్ట్రాల్‌లోంచి తీసివేస్తే మిగిలేదే రిపోర్టులో ఎల్‌డీఎల్ అన్న గడిలో ఉంటుంది. వీఎల్‌డీఎల్ అని మరో వరుసలో కనిపించే అంకె సాధారణంగా ట్రైగ్లిజరైడ్లను అయిదుతో భాగించగా వచ్చినదే. దాన్ని ఇంకొక పరీక్షగా లెక్కపెట్టనక్కరలేదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. అంతకు తక్కువ ఉన్నప్పుడు కూడా, ట్రైగ్లిజరైడ్లు పెరిగి ఎల్‌డీఎల్ తగ్గుతున్న కొద్దీ ఇది ఎల్‌డీఎల్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపే అవకాశం పెరుగుతుంది. హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, ఎల్‌డీఎల్ మాత్రం ఫరవాలేదనిపించేలా ఉండడం భారతీయులలో తరచుగా కనిపించే తీరు కాబట్టి, ఈ లోపం మన రిపోర్టుల్లోనే ఎక్కువగా దెబ్బ తీస్తుంది.

ఒక లెక్క చూడండి. ఇద్దరికీ టోటల్ కొలెస్ట్రాల్ 190 అనుకుందాం. ఇక్కడా, తర్వాతా కొవ్వుల అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాములలోనే. మొదటి వ్యక్తికి హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 260. రెండో వ్యక్తికి హెచ్‌డీఎల్ 60, ట్రైగ్లిజరైడ్లు 100. లెక్క కడితే మొదటివారి ఎల్‌డీఎల్ 104, రెండోవారిది 110. ఎల్‌డీఎల్ గడి మాత్రమే చూసేవారికి మొదటి వ్యక్తే కాస్త మెరుగ్గా కనిపిస్తాడు. టోటల్ కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను మాత్రమే తీసేసి చూడండి: మొదటివారికి 156, రెండోవారికి 130. దీన్నే నాన్-హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్ అంటారు. రక్తంలో కొవ్వును మోస్తూ ధమని గోడలోకి చొరబడగల రేణువులన్నిటిలో ఉన్న కొలెస్ట్రాల్ మొత్తం ఇదే. మామూలు ముప్పు ఉన్నవారిలో ఇది 130 కంటే తక్కువ, ఎక్కువ ముప్పు ఉన్నవారిలో 100 కంటే తక్కువ ఉండాలన్నది మన దేశపు మార్గదర్శకాల లక్ష్యం. ఎల్‌డీఎల్ లక్ష్యాలు వరుసగా 100, 70. అంటే మొదటి వ్యక్తి ముప్పు ఎల్‌డీఎల్ గడిలో దాదాపు కనపడకుండా పోయింది. నాన్-హెచ్‌డీఎల్‌కు ప్రత్యేక రుసుము లేదు, ఒక తీసివేత చాలు. పరగడుపున ఉండాల్సిన అవసరమూ లేదు. నా మటుకు ఎల్‌డీఎల్, నాన్-హెచ్‌డీఎల్ రెండింటిలో ఒక్కటే చూడమంటే రెండోదాన్నే చూస్తాను.

పరగడుపు విషయానికొస్తే, మొదటి తనిఖీకి అది తప్పనిసరి కాదని 2016లోనే యూరప్ నిపుణుల సంఘాలు ప్రకటించాయి. తిన్నాక తీసిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మాత్రం పరగడుపున మళ్లీ చూడాలి. అదే నమూనాలో ఫాస్టింగ్ షుగరు కూడా చూడాలంటే పరగడుపున ఉండక తప్పదు, అది వేరే సంగతి.

హెచ్‌డీఎల్‌ను "మంచి కొలెస్ట్రాల్" అనడం అలవాటైపోయింది. అది తక్కువగా ఉన్నవారికి ముప్పు ఎక్కువన్నది నిజమే, వయసు, బీపీ వంటివి కలిపి రాబోయే ముప్పును అంచనా వేసే లెక్కల్లో దానికి చోటూ ఉంది. కానీ మందుతో దాన్ని పెంచితే గుండెపోట్లు తగ్గుతాయన్న ఆశ నిలవలేదు: హెచ్‌డీఎల్‌ను బాగా పెంచిన టోర్సెట్రాపిబ్ ప్రయోగాన్ని మరణాలు పెరగడంతో 2006లో ఆపేశారు. కాబట్టి హెచ్‌డీఎల్ ఒక సూచిక. చికిత్సకు గురి మాత్రం ఎల్‌డీఎల్, నాన్-హెచ్‌డీఎల్, కొందరికి కింద చెప్పబోయే అపోబీ.

అపోబీ: ఎవరికి అదనంగా అవసరం

ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్, లైపోప్రొటీన్-ఎ వంటి హానికర రేణువుల్లో ప్రతిదానికీ ఒక్కొక్క అపోబీ ప్రొటీను అణువు ఉంటుంది. అందువల్ల రక్తంలో అపోబీని కొలిస్తే ఆ రేణువుల సంఖ్య తెలుస్తుంది. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ మాత్రం ఆ రేణువులు మోస్తున్న సరుకు బరువును చెబుతుంది. ధాన్యం ఎన్ని క్వింటాళ్లో తెలిసినంత మాత్రాన ఎన్ని బస్తాలున్నాయో తెలియదు; బస్తాలు చిన్నవైతే అదే బరువుకు లెక్క పెరుగుతుంది. మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు ఉన్నవారిలో జరిగేది ఇదే: రేణువులు చిన్నవై, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నా వాటి సంఖ్య ఎక్కువగా ఉంటుంది. ధమని గోడలో చిక్కుకునేవి రేణువులే కనుక ఈ రెండు కొలతలు విభేదించినప్పుడు ముప్పు అపోబీ చెప్పినట్టే నడుస్తుంది.

అయితే అందరూ అపోబీ చేయించుకోవాలా? నాన్-హెచ్‌డీఎల్ చాలావరకు ఇదే దిశలో సమాచారాన్ని ఉచితంగా ఇస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండి, షుగరు లేక, బరువు అదుపులో ఉన్నవారికి అపోబీ కొత్తగా చెప్పేది స్వల్పం. ట్రైగ్లిజరైడ్లు 200 దాటినవారికి, మధుమేహం ఉన్నవారికి, కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మందు వాడుతూ ఎల్‌డీఎల్ లక్ష్యానికి చేరినా ఇంకా సందేహం ఉన్నవారికి మాత్రం ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేసే పరీక్ష. అపోబీ 130 లేదా అంతకు మించితే ముప్పు పెరిగినట్టు అమెరికా మార్గదర్శకాలు లెక్కిస్తాయి. 2019 నాటి యూరప్ మార్గదర్శకాలు ఓ మోస్తరు ముప్పు ఉన్నవారికి 100, ఎక్కువ ముప్పుకు 80, అత్యధిక ముప్పుకు 65 కంటే తక్కువ ఉండాలంటాయి. ఎల్‌డీఎల్ రేణువుల సైజును విడగొట్టి చూపే ఖరీదైన పరీక్షలు కూడా అమ్మకానికి ఉన్నాయి. అపోబీ తెలిసిన తర్వాత వాటివల్ల నిర్ణయం మారే సందర్భం అరుదు.

లైపోప్రొటీన్-ఎ: జీవితంలో ఒక్కసారి

ఈ జాబితాలో ఎక్కువమందికి తెలియకుండా ఉండిపోయినది, తెలిస్తే ఎక్కువ ఉపయోగపడేది ఇదేనని నేననుకుంటాను. నార్వేకు చెందిన కోరె బెర్గ్ 1963లో గుర్తించిన ఈ రేణువు ఎల్‌డీఎల్‌ను పోలినదే, దానికి మరో ప్రొటీను అతికి ఉంటుంది. రక్తంలో దీని స్థాయి చాలామేరకు జన్యువులతోనే నిర్ణయమవుతుంది. తిండి మార్చినా, వ్యాయామం చేసినా పెద్దగా కదలదు, స్టాటిన్ కూడా దీన్ని తగ్గించదు. గుండెపోటు ముప్పునే కాక బృహద్ధమని కవాటం సన్నబడే ముప్పును కూడా ఇది పెంచుతుంది. ప్రపంచంలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఇది 50 మిల్లీగ్రాములకు మించి ఉంటుందని అంచనా. భారతీయుల్లో నలుగురిలో ఒకరికి ఉంటుందని కార్డియోలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా చెబుతూ, ప్రతి ఒక్కరూ కనీసం ఒక్కసారి దీన్ని చూపించుకోవాలని సూచించింది.

జన్మతః వచ్చినదాన్ని మార్చలేనప్పుడు తెలుసుకుని ప్రయోజనమేమిటన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ప్రయోజనం ఉంది. నలభై ఏళ్ల వయసులో ఎల్‌డీఎల్ 125 ఉన్న వ్యక్తికి మందు మొదలుపెట్టాలా, కొంతకాలం ఆహార నియమాలతో ఆగాలా అన్న ఊగిసలాటలో లైపోప్రొటీన్-ఎ ఎక్కువగా ఉందని తెలిస్తే త్రాసు మందు వైపు మొగ్గుతుంది. బీపీ, పొగాకు విషయంలో సడలింపు ఇవ్వడం కుదరదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఎక్కువగా ఉంటే పిల్లలకు సంక్రమించే అవకాశం దాదాపు సగం కనుక, ఒకరి రిపోర్టు కుటుంబం మొత్తానికి పనికొస్తుంది. దీన్నే నేరుగా తగ్గించే ఆర్‌ఎన్‌ఏ ఆధారిత మందులను పెద్ద ప్రయోగాల్లో పరీక్షిస్తున్నారు.

రిపోర్టు చూసేటప్పుడు కొలమానాన్ని తప్పక గమనించాలి. కొన్ని ల్యాబులు దీన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాములలో, కొన్ని లీటరుకు నానోమోల్స్‌లో ఇస్తాయి. అమెరికా మార్గదర్శకాలు పెట్టిన హద్దు మొదటి కొలతలో 50, రెండో కొలతలో 125. వ్యక్తిని బట్టి ఈ రేణువు పరిమాణం మారుతుంది కనుక ఒకదాన్ని మరొకదానిలోకి కచ్చితంగా మార్చే సూత్రం లేదు. రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో అనుకోవడం తగదు. ఒకసారి చూసిన తర్వాత ఏటేటా ప్యాకేజీలో దీనికి మళ్లీ డబ్బు కట్టడం సాధారణంగా వృథా.

హెచ్ఎస్-సీఆర్పీ: సందిగ్ధంలో ఉన్నవారికి

సీఆర్పీ అనేది ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కాలేయం తయారుచేసే ప్రొటీను. జ్వరం వచ్చినప్పుడు చేసే మామూలు సీఆర్పీ వేరు, అతి తక్కువ స్థాయిలను కూడా పట్టుకోగల హెచ్ఎస్-సీఆర్పీ వేరు. గుండె ముప్పు కోసం చేయాల్సింది రెండోది. లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే తక్కువైతే తక్కువ ముప్పు, 1 నుంచి 3 వరకు మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని లెక్క. 2 లేదా అంతకు మించితే ముప్పు పెంచే అంశంగా అమెరికా మార్గదర్శకాలు పరిగణిస్తాయి.

దీనికి పేరు తెచ్చినది 2008లో వెలువడిన జూపిటర్ ప్రయోగం. ఎల్‌డీఎల్ 130 కంటే తక్కువ, హెచ్ఎస్-సీఆర్పీ 2 లేదా అంతకు ఎక్కువ ఉన్న 17,802 మందిలో కొందరికి రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ 20 మిల్లీగ్రాములు ఇవ్వగా, గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలు 44 శాతం తగ్గాయి. అయితే సీఆర్పీ తక్కువ ఉన్నవారిని ఆ ప్రయోగంలో చేర్చుకోలేదు కాబట్టి, మేలు సీఆర్పీ ఎక్కువ ఉన్నవారికే పరిమితమా అన్న ప్రశ్నకు అది జవాబు ఇవ్వలేదు. జన్యు అధ్యయనాలు చూస్తే సీఆర్పీ తానుగా ధమనులను పాడుచేయదని, జరుగుతున్న దాన్ని చూపే సూచిక మాత్రమేనని అర్థమవుతుంది. అపోబీ, లైపోప్రొటీన్-ఎ అలా కాదు, అవి కారణాలే. ఈ తేడావల్ల నేను హెచ్ఎస్-సీఆర్పీని వాటి తర్వాతే ఉంచుతాను.

మరో ఇబ్బంది నిలకడ లేకపోవడం. జలుబు, చిగుళ్ల వాపు, కీళ్లవాతం, ఇటీవల వేయించుకున్న టీకా, చివరికి కాలి మీద మానని పుండు కూడా దీన్ని పెంచుతాయి. వర్షాకాలంలో డెంగీ జ్వరం తగ్గిన వారం రోజులకు చేయించుకున్న ఫలితం గుండె గురించి ఏమీ చెప్పదు. 10 దాటి వస్తే ఆ అంకెను పక్కనపెట్టి ముందు కారణం వెతకాలి. అంతకు తక్కువైతే కనీసం రెండు వారాల ఎడంతో రెండుసార్లు చూసి నిర్ణయించాలి.

చక్కెర, మూత్రపిండాలు

ప్యాకేజీల ప్రకటనల్లో వీటికి మెరుపు ఉండదు గానీ గుండెకు వీటి సంబంధం బలమైనది. గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ, 6.5 లేదా ఆపైన మధుమేహం. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత ఈ అంకెను ఎక్కువగా చూపించవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి, మన ఇళ్లలో స్త్రీల హెచ్‌బీఏ1సీని హిమోగ్లోబిన్‌తో కలిపి చదవాలి, అనుమానం వస్తే ఫాస్టింగ్ షుగరుతో సరిచూసుకోవాలి. క్రియాటినిన్ ఆధారంగా లెక్కించే మూత్రపిండాల పనితీరును అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో విడుదల చేసిన ప్రివెంట్ ముప్పు లెక్కలో నేరుగా చేర్చారు. మధుమేహం, బీపీ ఉన్నవారికి మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీను పోతున్నదేమో చూడడం అంతే ముఖ్యం. అది రక్త పరీక్ష కాదన్న కారణంతోనే చాలా ప్యాకేజీల్లో ఉండదు. ఎల్‌డీఎల్ అనుకోకుండా పెరిగితే థైరాయిడ్ టీఎస్‌హెచ్ ఒకసారి చూడాలి, థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది.

వదిలేయదగినవి, వేరే పనికి చెందినవి

రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉన్నవారికి గుండె జబ్బులు ఎక్కువన్న గమనింపు పాతదే. కానీ ఫోలిక్ యాసిడ్, బీ12 ఇచ్చి దాన్ని తగ్గించిన నార్విట్, హోప్-2 ప్రయోగాలు 2006లో వెలువడినప్పుడు గుండెపోట్లు తగ్గలేదని తేలింది. మన దగ్గర, ముఖ్యంగా శాకాహారుల్లో, ఇది పెరగడానికి తరచు కారణం బీ12 లోపం. ఆ అనుమానం ఉంటే బీ12నే చూసుకోవడం మేలు. ఫాస్టింగ్ ఇన్సులిన్‌కు ల్యాబుల మధ్య ఒకే ప్రామాణికత లేదు. నడుము కొలత, ట్రైగ్లిజరైడ్లు, షుగరు చూస్తే దాదాపు అదే కథ తెలుస్తుంది.

ట్రోపోనిన్ గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి విడుదలయ్యే ప్రొటీను. దీని స్థానం ఎమర్జెన్సీ వార్డు. ఛాతీలో బిగుసుకున్నట్టు నొప్పి, చెమటలు, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, ఆయాసం ఉన్నప్పుడు ఇంటికొచ్చి నమూనా తీసుకునే మనిషి కోసం ఎదురుచూడకూడదు. వెంటనే ఈసీజీ తీయగల ఆసుపత్రికి చేరాలి, అక్కడ కొన్ని గంటల ఎడంతో రెండుసార్లు ట్రోపోనిన్ చూస్తారు. మొదటి నమూనా మామూలుగా వచ్చినంత మాత్రాన గుండెపోటు కాదని చెప్పలేరు. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే పరీక్ష ఆయాసానికి గుండె వైఫల్యం కారణమా అని తేల్చుకోవడానికి. వయసు, మూత్రపిండాల జబ్బు దాన్ని పెంచుతాయి, ఊబకాయం తగ్గిస్తుంది. లక్షణాలు లేని వ్యక్తి ప్యాకేజీలో ఈ రెండూ ఉంటే అవి లేని ప్యాకేజీని ఎంచుకోవచ్చు.

ఎవరికి ఏవి

తండ్రికి 48 ఏళ్లకు స్టెంట్ పడిన పాతికేళ్ల యువకుడికి లిపిడ్ ప్రొఫైల్, లైపోప్రొటీన్-ఎ, బీపీ, షుగరు చాలు. ఎల్‌డీఎల్ 190 లేదా అంతకు మించితే అది వంశపారంపర్య కొలెస్ట్రాల్ జబ్బు కావచ్చు; అప్పుడు ముప్పు లెక్కలు వేస్తూ కూర్చోకుండా డాక్టరును కలవాలి, తోబుట్టువులకు కూడా చూపించాలి. నలభై అయిదేళ్ల మధుమేహ రోగికి అపోబీ, మూత్రంలో అల్బుమిన్ తోడవ్వాలి. హెచ్ఎస్-సీఆర్పీతో పెద్ద పనిలేదు, ఆ వయసు మధుమేహానికి స్టాటిన్ ఎలాగూ సూచిస్తారు. అరవై దాటి, బీపీకి మందు వాడుతూ, పొగ తాగే వ్యక్తికి ముప్పు లెక్క ఎలాగూ ఎక్కువగానే వస్తుంది. అదనపు పరీక్షల కంటే పొగ మానడానికి సాయం, లిపిడ్ లక్ష్యం చేరడం ముఖ్యం.

నిజంగా ఊగిసలాట ఉండేది నలభై నుంచి అరవై మధ్య, ముప్పు అటూ ఇటూ కాకుండా వచ్చినవారికి. లైపోప్రొటీన్-ఎ, హెచ్ఎస్-సీఆర్పీ ఎక్కువ మేలు చేసేది వీరికే. అప్పటికీ తేలకపోతే ఇంకో రక్త పరీక్ష కంటే గుండె ధమనుల్లో పేరుకున్న కాల్షియాన్ని సీటీ స్కాన్ ద్వారా కొలిచే కాల్షియం స్కోరు మెరుగు, ఎందుకంటే రక్తం కారణాలను చూపితే అది ధమనుల్లో ఇప్పటికే జరిగిన నష్టాన్ని చూపుతుంది. నలభై లోపువారికి సున్నా వచ్చినంత మాత్రాన నిశ్చింత పడకూడదు. గట్టిపడని కొవ్వు పొర ఆ స్కోరులో కనిపించదు.

నమూనా ఇచ్చేటప్పుడు

ట్రైగ్లిజరైడ్లు ఒకే మనిషిలో రోజుకీ రోజుకీ 20 శాతం పైగా మారగలవు, కొలెస్ట్రాల్ కూడా కొంత మారుతుంది. పెళ్లి భోజనాల మర్నాడో, మద్యం తాగిన మర్నాడో ఇచ్చిన నమూనాతో జీవితకాలపు మందు మొదలుపెట్టకూడదు. అనుమానం ఉంటే రెండు మూడు వారాలకు అదే ల్యాబులో మళ్లీ చూపించుకోవాలి. గర్భిణుల్లో కొవ్వుల అంకెలు సహజంగానే పెరుగుతాయి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారు ఆ సంగతి ల్యాబులో చెప్పాలి. అది ట్రోపోనిన్, థైరాయిడ్ వంటి కొన్ని పరీక్షల ఫలితాన్ని తారుమారు చేయగలదు. మందు మొదలుపెట్టినా, మోతాదు మార్చినా 4 నుంచి 12 వారాల మధ్య లిపిడ్ ప్రొఫైల్ మళ్లీ చూడాలి. అప్పుడు పూర్తి ప్యాకేజీ అవసరం లేదు. లిపిడ్ ప్రొఫైల్, డాక్టరు అడిగితే కాలేయ పరీక్ష, ఇంతకుముందు అపోబీని లక్ష్యంగా పెట్టుకున్నవారికి అపోబీ సరిపోతాయి.